పెరిగిందా, పెంచారా?

ప్రశ్న: తెలుగు మీడియంలో డిగ్రీ చేశాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష అయిన ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కు సిద్ధమవుతున్నాను. సే–టెల్, రైజ్–రెయిజ్ లాంటి జంటలకు అర్థాలు బట్టీ పట్టినా, వాక్యంలో తప్పును గుర్తించే ఎర్రర్ స్పాటింగ్‌లో తప్పులు చేస్తున్నాను. ఎలా చదవాలి?

జవాబు: ఎన్నిసార్లు బట్టీ పట్టినా ‘సే’కూ ‘టెల్’కూ ‘చెప్పడం’ అనే అర్థమే వస్తుంది. అందుకే అర్థాన్ని పక్కనపెట్టి, ఆ క్రియ తర్వాత ఏ మాట వచ్చిందో చూడండి. ‘టెల్’ పక్కనే మనిషి రావచ్చు: ‘షి టోల్డ్ మి’. ‘సే’ తర్వాత మనిషిని తేవాలంటే మధ్యలో ‘టు’ ఉండాలి. కాబట్టి ‘హి సెడ్ మి’ అని కనిపించగానే మీ కళ్లు అక్కడ ఆగాలి. ‘టెల్ ద ట్రూత్’, ‘టెల్ ఎ లై’ లాంటి వాటిలో మాత్రం మనిషి లేకపోయినా తప్పు లేదు.

రైజ్–రెయిజ్ దగ్గర మీ తెలుగే మీకు అండ. ‘ధరలు పెరిగాయి’ అన్నచోట ‘రోజ్’, ‘ధరలు పెంచారు’ అన్నచోట ‘రెయిజ్డ్’. పెరగడం, పెంచడం మనం చిన్నప్పటి నుంచీ ఎప్పుడూ తడబడకుండా వాడుతున్నవే కదా! దొంగతనం సంగతీ అంతే. బ్యాంకును దోచుకుంటే ‘రాబ్’, అందులో డబ్బు దొంగిలిస్తే ‘స్టీల్’. తెలుగు మీడియం అని దయచేసి చిన్నబుచ్చుకోకండి.

అసలు చిక్కు లై–లే జంటది. పడుకోవడం ‘లై’, పడుకోబెట్టడం ‘లే’. ఇంతవరకూ సులువే. కానీ ‘లై’కి భూతకాలం కూడా ‘లే’నే! ‘షి లే ఆన్ ద బెడ్ ఎస్టర్‌డే’ సరైన వాక్యం. దాన్ని తప్పనుకుని ‘లెయిడ్’ అని దిద్దేవాళ్లు చాలామంది. లై–లే–లెయిన్, లే–లెయిడ్–లెయిడ్ అని రోజూ పైకి చదవండి. ఇక్కడ మాత్రం బట్టీ తప్పదు.

సీ, లుక్, వాచ్ మూడూ మనకు ‘చూడటమే’ కాబట్టి తెలుగు అంతగా సాయపడదు. ‘లుక్ ఎట్ ద బోర్డ్’, ‘వాచ్ ద మ్యాచ్’ అని మాటలను జతగానే గుర్తుపెట్టుకోండి.

సీజీఎల్ తొలి దశ పరీక్ష టైర్–1లో ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు జవాబుకు అర మార్కు పోతుంది. మాక్ టెస్టులో తప్పిన ప్రతి క్రియనూ పూర్తి వాక్యంతో నోట్‌బుక్‌లో రాసుకోండి. వారం తర్వాత క్రియ ఉన్నచోటు వేలితో మూసి, ఖాళీని మీరే పూరించి చూడండి.