ముందు తూకం సరిచెయ్యి, ర్యాంకులు తర్వాత

చిన్నీకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన షీటు రాత్రి రెండుసార్లు చూశాను. కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళకి అంకెలతో ర్యాంకులు ఇవ్వడం సెమిస్టర్ ప్రాజెక్టుగా తీసుకున్నావంటే చాలా సంతోషం వేసింది. అమెరికాలో ఈ ఇండియానాకొచ్చాక నాకు ఈ ఆటంత దగ్గరైంది ఇంకోటి లేదు. అయితే నువ్వు అందరినీ మ్యాచ్‌కి కొట్టిన పాయింట్లని బట్టి వరస పెట్టేశావు. అక్కడే కాస్త ఆగు తల్లీ.

ఒకడు 20 పాయింట్లు కొట్టాడనుకో. అందుకు 18 షాట్లు వేశాడు, 6 ఫ్రీ త్రోలు (ఫౌల్ జరిగితే ఎవరూ అడ్డుకోకుండా వెయ్యనిచ్చే షాట్లు) తీసుకున్నాడు. ఇంకొకడు 15 కొట్టాడు, 9 షాట్లు, 4 ఫ్రీ త్రోలు. ఫ్రీ త్రోల్ని 0.475తో హెచ్చించి షాట్లకి కలుపు. మొదటివాడు దాదాపు 21 అవకాశాలు వాడుకున్నాడు, రెండోవాడు 11 కూడా వాడలేదు. అంటే మొదటివాడి చేతికి వచ్చిన ఒక్కో అవకాశానికి టీముకి దక్కింది 0.96 పాయింటు, రెండోవాడి దగ్గర 1.38. నీ షీటులో మాత్రం మొదటివాడే పైన ఉంటాడు.

ఆ 0.475 ఎక్కడిదని అడుగుతావు. మామూలుగా రెండు ఫ్రీ త్రోలు ఒక అవకాశాన్ని తినేస్తాయి కాబట్టి సగం ఉండాలి. కానీ బాస్కెట్ పడ్డాక ఫౌల్‌కి అదనంగా ఇచ్చే త్రో కొత్త అవకాశాన్ని తినదు కదా, అందుకే సగానికి కాస్త తక్కువ. ఎన్‌బీఏ, అంటే అమెరికా ప్రొఫెషనల్ లీగ్, లెక్కల్లో 0.44 వాడతారు. కాలేజీ పురుషుల ఆటలో కొన్ని ఫౌల్‌లకి మొదటి త్రో పడితేనే రెండోది ఇచ్చే రూలు ఉంది, మొదటిది తప్పితే ఒక్క త్రోకే అవకాశం అయిపోతుంది, అందుకని కొంచెం ఎక్కువ వేసుకుంటారు.

అలాగని అవకాశానికి ఎన్ని పాయింట్లన్న ఒక్క లెక్క పట్టుకుని కూర్చోకు. బుట్ట కింద నిలబడి, పక్కవాడు అందించిన బంతిని నాలుగుసార్లు లోపల వేసేవాడు ఆ లెక్కలో రాజులా కనిపిస్తాడు. టీము భారమంతా మోస్తూ కూడా గురి తప్పనివాడే గొప్ప. 2018-19లో డ్యూక్ యూనివర్సిటీకి ఆడిన జయాన్ విలియమ్సన్ మ్యాచ్‌కి 22.6 పాయింట్లు కొట్టాడు, వేసిన షాట్లలో 68 శాతం పడ్డాయి. ఆ రెండంకెలూ ఒకే మనిషి దగ్గర ఉండటమే విశేషం. కాబట్టి టీము అవకాశాల్లో ఎంత వాటా అతని చేతుల్లో ముగుస్తోందో ఇంకో కాలమ్‌లో పెట్టుకో.

తర్వాత వేగం. 1989-90లో లయోలా మేరీమౌంట్ టీము మ్యాచ్‌కి 122.4 పాయింట్లు కొట్టింది. పరుగే వాళ్ళ పద్ధతి. 2019లో జాతీయ టైటిల్ గెలిచిన వర్జీనియా అయితే బంతిని అట్టిపెట్టుకుని నిదానంగా ఆడేది. బంతి టీము చేతికొచ్చిన ఒక్కో అవకాశాన్ని పొజెషన్ అంటారు. 60 పొజెషన్ల మ్యాచ్‌లో 16 పాయింట్లు కొట్టినవాడు అదే లెక్కన 70 పొజెషన్లు ఆడితే 18.7 కొడతాడు. అందుకే అందరినీ 100 పొజెషన్లకి మార్చాకే పక్కపక్కన నిలబెట్టు.

ఎదుటి టీము ఎవరన్నది అన్నిటికన్నా కష్టమైన లెక్క. కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో 350కి పైగా టీములున్నాయి. నవంబర్‌లో పెద్ద కాలేజీలు చిన్న కాలేజీలని పిలిచి, డబ్బులిచ్చి మరీ ఆడతాయి. ఆ మ్యాచ్‌లో కొట్టిన 30నీ, మార్చిలో గట్టి డిఫెన్స్ మీద కొట్టిన 18నీ ఒకే గాటన కట్టకూడదు. చిన్న కాలేజీ కుర్రాళ్ళని గంపగుత్తగా కిందికి తోసేయడమూ అంతే తప్పు. స్టీఫెన్ కర్రీ చదివింది డేవిడ్‌సన్ అనే చిన్న కాలేజీలోనే. 2008 జాతీయ టోర్నమెంట్‌లో గొంజాగా మీద 40, జార్జ్‌టౌన్ మీద 30, విస్కాన్సిన్ మీద 33 కొట్టాడు. చిన్న కాలేజీవాళ్ళకి బలమైన టీములతో ఆడిన మ్యాచ్‌లు విడిగా తీసి చూడు, సంగతి తెలిసిపోతుంది.

ఇక డిఫెన్స్. 2012 ఫైనల్లో కెంటకీ ఆటగాడు ఆంథనీ డేవిస్ 10 షాట్లు వేస్తే ఒక్కటే పడింది. మొత్తం 6 పాయింట్లు. అయినా టోర్నమెంట్ ఉత్తమ ఆటగాడు అతనే, ఎందుకంటే 16 రీబౌండ్లు (తప్పిన షాటు బంతిని అందుకోవడం), 6 బ్లాకులు (ఎదుటివాడి షాటుని అడ్డుకోవడం). అతన్ని చూసి లోపలికి రావడానికే జంకి ఎదుటివాళ్ళు వెయ్యని షాట్లు ఏ షీటులోనూ పడవు. నీ పద్ధతి ఆ రాత్రి డేవిస్‌ని ఎక్కడ పెడుతుందో ఒకసారి పరీక్షించు. అట్టడుగున పెడితే పద్ధతి మార్చుకో.

అంకెల్ని కూడా మనుషులే రాస్తారని మరిచిపోకు. ఒక చిన్న కాలేజీలో కొన్నేళ్ళు స్కోరు బల్ల దగ్గర వలంటీరుగా కూర్చున్నాను. ఆట మీద నుంచి చూపు తిప్పకుండా నేను పైకి చెబుతుంటే పక్కనాయన కంప్యూటర్లో కొట్టేవాడు. ఒకసారి మా కుర్రాడు పాస్ ఇచ్చాడు, అందుకున్నవాడు రెండుసార్లు బంతి నేలకి కొట్టి, ఎదుటివాణ్ణి తప్పించి వేశాడు. ‘అసిస్ట్’ అనేశాను, అంటే ఆ పాస్ వల్లే బాస్కెట్ పడిందని. బయటి ఊరి కుర్రాడైతే అనేవాణ్ణి కాదని ఇంటికి వెళ్ళేటప్పుడు అర్థమై బాధేసింది. అందుకే అసిస్ట్‌ల దగ్గర సొంత ఊరి మ్యాచ్‌లు, బయటి మ్యాచ్‌లు వేరు చేసి చూడు.

పాత తరాల్ని ఈ జాబితాలో కలపొద్దు. పీట్ మారవిచ్ 83 మ్యాచ్‌ల్లో 3,667 పాయింట్లు కొట్టిన రోజుల్లో దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లిచ్చే గీతే లేదు, మొదటి ఏడాది కుర్రాళ్ళని ప్రధాన టీములో ఆడనిచ్చేవారు కాదు. మహిళల ఆటలో కెయిట్లిన్ క్లార్క్ 3,951 కొట్టింది 139 మ్యాచ్‌ల్లో. ఇద్దరూ మహానుభావులే, ఎవరి కాలం వాళ్ళది. పురుషులకీ మహిళలకీ కూడా జాబితాలు వేరుగానే పెట్టు.

సీజన్ మొత్తం కలిపినా ముప్పై చిల్లర మ్యాచ్‌లే. 40 షాట్లు చూసి ఒకడు మూడు పాయింట్ల షాట్లలో దిట్ట అని రాయకు. వాడి ఫ్రీ త్రో శాతం కూడా చూడు, గురి నిజమైనదో కాదో కొంత తెలుస్తుంది. పదో ర్యాంకుకీ పదిహేనో ర్యాంకుకీ తేడా కనపడకపోతే ఆ మాటే రిపోర్టులో రాసెయ్యి, మార్కులు తగ్గుతాయని టెన్షన్ పడకు.

డిసెంబర్ సెలవులకి వస్తావుగా. పెద్దమ్మ పులిహోర కట్టిస్తానంది, తిన్నాక మ్యాచ్‌కి వెళ్దాం. నోట్‌బుక్ తెచ్చుకో. నేను చెబుతుంటాను, నువ్వు రాయి.

పెదనాన్న