మంచం మీదున్న అమ్మకి 24 గంటల కేర్‌టేకర్‌ని పెట్టాం, రాత్రి నిద్ర, వారానికో సెలవు కావాలంటోంది, ఇవ్వాలా?

మీ అమ్మగారికి 82, మంచం దిగలేరు, ఏజెన్సీ పంపిన అమ్మాయి రాత్రి నిద్ర, వారానికో సెలవు అడుగుతోంది, మీ అన్నయ్యగారేమో 24 గంటలకీ కదా డబ్బులిస్తున్నాం అంటున్నారు, ఇదీ మీరు రాసింది. ఇవ్వాలండి. ఆ అమ్మాయి కోసం ఎంతో, మీ అమ్మగారి కోసం కూడా అంతే.

మా నాన్నగారికి స్ట్రోక్ వచ్చి ఎడమ పక్క పడిపోయింది, విశాఖ ఎంవీపీ కాలనీలో ఇంట్లోనే ఉంచి చూసుకున్నాం. డిశ్చార్జ్ అప్పుడే నర్సు గట్టిగా చెప్పింది, రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే నడుం కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయని. ఇప్పుడు మీరే చూడండి, రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా మూడు నాలుగు సార్లు లేవాలి, మధ్యలో డైపరు, మంచినీళ్లు, భయమేసి పిలిస్తే పక్కన కూర్చోడం, మళ్లీ తెల్లారితే స్నానం, తిండి పెట్టడం, ఫిజియో వాళ్లు చెప్పిన ఎక్సర్‌సైజులు. ఇది ఇద్దరి పని. ఒక్క మనిషి చేత చేయిస్తే వారం తిరక్కుండా కళ్లు మూతలు పడిపోతాయి, అప్పుడు చేతుల్లోంచి జారి పడేది మీ అమ్మగారే, మాత్రలు తారుమారయ్యేదీ ఆవిడకే.

మాకొచ్చిన అమ్మాయిది పాడేరు వైపు, ఇరవై ఏళ్లుంటాయేమో. ఏజెన్సీ కండిషన్ 24 గంటల డ్యూటీ, నెలకి రెండు సెలవులు, మేం కట్టేదాంట్లో దాదాపు మూడో వంతు వాళ్లే ఉంచుకునేవారు. మేం మొదటి రోజే ఆమెని కూర్చోబెట్టి మాట్లాడుకున్నాం. రాత్రి పదకొండు నుంచి ఐదు వరకు నేనూ మా తమ్ముడూ వంతులేసుకునేవాళ్లం, ఆమె వేరే గదిలో తలుపేసుకుని పడుకునేది, మధ్యాహ్నం రెండు గంటలు ఎవరూ పిలవకూడదు, శనివారం సాయంత్రం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పాడేరు బస్సెక్కితే సోమవారం పొద్దున్న వచ్చేది. ఆదివారానికి ఇంకో ఆవిడ వచ్చేవారు, ఆవిడకి ఏ రోజుకారోజు ఇచ్చేసేవాళ్లం. ఎయిర్ బెడ్ కూడా కొన్నాం, అది ఉందని పక్క మార్చడం మానకూడదు గానీ పుండ్ల భయం కొంచెం తగ్గుతుంది.

పెద్దవాళ్ల హక్కు అనగానే అందరూ ఆస్తి, పెన్షన్ అంటారు గానీ, తన ఒంటి మీద ఎవరు చెయ్యి వెయ్యాలో చెప్పడం కూడా వాళ్ల హక్కే కదా. మనవరాలి వయసు పిల్ల స్నానం చేయిస్తుంటే నాన్నగారు కళ్లు మూసుకుని గోడ వైపు తిరిగిపోయేవారు. ఆయన్నే అడిగాం, మగాళ్లయితే బాగుణ్ణు అన్నారు. రోజూ పొద్దున్న ఒక గంటకి మేల్ అటెండర్‌ని పెట్టాం. దాంతో ఆ అమ్మాయికీ ప్రాణం హాయిగా అనిపించింది, ఆమెకీ అది ఇబ్బందేనట, చెప్తే పని పోతుందని ఊరుకుందట. కెమెరా సంగతీ అంతే, బయట దేశంలో ఉన్న మా అన్నయ్య మంచం ఎదురుగా పెట్టమన్నాడు, డైపర్ మార్చేటప్పుడు నన్ను చూస్తారా అని నాన్నగారు ఒప్పుకోలేదు, గుమ్మం వైపే పెట్టాం, ఆ అమ్మాయికి ముందే చెప్పి.

మీ అన్నయ్యగారికి రెండు విషయాలు చెప్పండి. 2007 సీనియర్ సిటిజన్ల చట్టం ప్రకారం తల్లిదండ్రుల్ని చూసుకునే బాధ్యత పిల్లలందరిదీ, దగ్గరున్నవాళ్లది మాత్రమే కాదు, ఈ ఖర్చు మిగలడం కోసం జీతగత్తె నిద్ర కొయ్యడం న్యాయం కాదు. రెండోది, ఇంటి పనివాళ్ల మీద 2011లో ఐఎల్ఓ, అంటే అంతర్జాతీయ కార్మిక సంస్థ, చేసిన 189వ ఒప్పందంలో వారానికి కనీసం వరసగా 24 గంటల విశ్రాంతి అని ఉంది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు, అందుకే ఆ సెలవు మన ఇళ్లల్లో మనమే ఇవ్వాలి.

ఇంకోటి, ఆ అమ్మాయికి బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా చేయించండి, ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు ఇంటికొస్తాయి. పని గంటలు, సెలవు, అదనంగా ఇచ్చేది ఒక కాగితం మీద రాసి ఆమెకో కాపీ ఇవ్వండి, అమ్మగారికి కూడా చదివి వినిపించండి, ఆవిడ ఏమంటారో అది కూడా అందులో రాయండి. ఎవరైనా అమ్మగారిని కసురుతున్నారనో, సరిగ్గా చూడట్లేదనో అనిపిస్తే 14567కి ఫోన్ చెయ్యొచ్చు, అది పెద్దవాళ్ల హెల్ప్‌లైన్, ఫ్రీ.