రోడ్డు పక్క వయ్యారిభామ, చేలో కాండం కుళ్ళు

ప్రశ్న: నాలుగెకరాల్లో వర్షాధారంగా కె-6 వేరుశనగ వేశాను. పైరు వయసు 35 రోజులు. తారురోడ్డు వైపున్న సాళ్లలో మొక్కల చివర్లు మాడి, కాండం నల్లబడి చచ్చిపోతున్నాయి. విత్తనంలోనే తెగులు వచ్చిందేమోనని అనుమానం. మందుల షాపులో అడిగితే కాండం కుళ్ళు అని హెక్సాకొనజోల్ ఇచ్చారు. పది రోజుల తేడాతో రెండుసార్లు కొట్టినా ఆగలేదు. ఇప్పుడు ఇంకా ఖరీదైన మందు కొట్టమంటున్నారు. ఇంకో విషయం. రోడ్డు వెడల్పు చేసినప్పటి నుంచి అంచున వయ్యారిభామ (పార్థీనియం) కలుపు నడుమెత్తు పెరిగింది. దానికి గ్లైఫోసేట్ కలుపు మందు కొట్టవచ్చా? ఫొటోలు పంపుతున్నాను.
– ఒక రైతు, కళ్యాణదుర్గం మండలం, అనంతపురం జిల్లా

జవాబు: మీరు వేరువేరుగా అడిగారు గానీ ఇవి రెండు సమస్యలు కావు. చేలో మొక్కలను చంపుతున్న వైరస్ ఆ రోడ్డు అంచు వయ్యారిభామ నుంచే వస్తోంది.

షాపతను చెప్పిన కాండం కుళ్ళు శిలీంద్రం వల్ల వచ్చేది. అదే అయితే మొక్క మొదట్లో, నేలను ఆనుకుని తెల్లటి బూజు, దాని మీద ఆవగింజల్లాంటి గుండ్లు కనబడాలి. మీ ఫొటోల్లో మొదలు శుభ్రంగా ఉంది. మాడటం పైనుంచి మొదలైంది. చివరి ఆకుల మీద గోధుమరంగు మచ్చలు, అక్కడి నుంచి కాడ వెంబడి కాండం మీదికి నల్లని చారలు దిగాయి. పక్క కొమ్మలు గుబురుగా రాలేదు కాబట్టి మొవ్వకుళ్ళు (ఇంకో వైరస్ తెగులు) కూడా కాదు. ఇది టొబాకో స్ట్రీక్ వైరస్ వల్ల వచ్చే కాండం కుళ్ళు తెగులు. పేరు ఒకటే కావడంతో షాపులో శిలీంద్రనాశిని చేతికొచ్చింది. వైరస్‌కు హెక్సాకొనజోల్ పనిచేయదు, ఆ ఖరీదైనదీ పనిచేయదు. రెండు స్ప్రేల డబ్బు పోయింది, మూడోది పోగొట్టుకోకండి. చేను చూడకుండా డబ్బా చేతిలో పెట్టేవాళ్ల మాట మీద పిచికారీ చేయొద్దని ఎన్నిసార్లు చెప్పినా రైతులు ముందు షాపుకే వెళ్తున్నారు.

మన జిల్లాకు ఇది కొత్త కాదు. 2000 ఖరీఫ్‌లో అనంతపురంలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగ దీని బారిన పడింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా.

వయ్యారిభామలో ఈ వైరస్ ఉన్నా ఆ మొక్కకు ఏమీ కాదు, పచ్చగా పూస్తూనే ఉంటుంది. వైరస్ దాని పుప్పొడిలో ఉంటుంది. పూలలో తిరిగే తామర పురుగుల ఒంటికి ఆ పుప్పొడి అంటుకుని మీ చేలోకి వస్తుంది. ఆకును గీరి రసం పీల్చేటప్పుడు అయిన గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. రోడ్డు వైపు సాళ్లు ముందు పోవడానికి కారణం ఇదే. వేరుశనగలో ఇది విత్తనం ద్వారా రాదు. కాబట్టి విత్తనం ఇచ్చినవాళ్లతో తగవు పెట్టుకోకండి.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. చచ్చిన వేరుశనగ మొక్కలను పీకడానికి కూలీలను పెట్టకండి. వేరుశనగ పువ్వులో పుప్పొడి రేకుల లోపలే ఉండిపోతుంది, అందుకని ఈ మొక్క నుంచి పక్క మొక్కకు తెగులు పాకదు. ఆ కూలి డబ్బు వయ్యారిభామ పీకడానికి పెట్టండి. మీ పొలం హద్దు వెంబడి రోడ్డు అంచు, గట్లు, పక్కన బీడు ఉంటే అదీ చూసుకోవాలి. వాన పడ్డాక నేల మెత్తగా ఉన్నప్పుడు వేళ్లతో సహా వస్తుంది. పూత మీదున్నదాన్ని పొద్దున్నే మంచు తడి మీద పీకితే పుప్పొడి తక్కువ రేగుతుంది. చేతులకు గ్లౌజులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఒంటి దురద, ఆయాసం ఉన్నవాళ్లను ఆ పనికి పంపొద్దు. పూత రానిదాన్ని కంపోస్టు గుంతలో వేయవచ్చు. పూసినదాన్ని మాత్రం పెంటలో వేయకండి, లోతుగా పూడ్చేయండి. ఒక్క మొక్క 10,000 నుంచి 25,000 దాకా గింజలు రాలుస్తుంది. పెంటతో పాటు అవి మీ చేలోకే వస్తాయి.

గ్లైఫోసేట్ వద్దు. 2022లో కేంద్రం దాని వాడకం మీద ఆంక్షలు పెట్టింది. అదీగాక గాలికి తుంపర పడితే మీ వేరుశనగే మాడుతుంది. 2,4-డి అనే కలుపు మందు తుంపర పడినా అంతే. చేను పక్కన కలుపు మందు ఆలోచనే మానుకోండి.

తామర పురుగులు లేత ఆకుల మడతల్లో కనబడుతుంటేనే ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్. లీటరు నీటికి 0.3 మి.లీ. చొప్పున, ఎకరాకు 200 లీటర్ల నీటితో ఒక్కసారి, సాయంత్రం పూట కొట్టండి. అది పురుగుకే, తెగులుకు మందు కాదు. బతికున్న పైరుకు 40–45 రోజుల మధ్య, తేమ ఉన్నప్పుడు ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్లలో వేసి మట్టి ఎగదోయండి. స్ప్రేలకు పెట్టే డబ్బు దీనికి పెడితే కాయ ఊరుతుంది.

వచ్చే ఖరీఫ్‌కు కిలో విత్తనానికి 2 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. పట్టించి విత్తండి. చేను చుట్టూ, ముఖ్యంగా రోడ్డు వైపు, నాలుగు వరుసల జొన్న గానీ సజ్జ గానీ ఒత్తుగా, వేరుశనగతో పాటే వేయండి. తర్వాత వేస్తే పైరు ఎదిగేలోపే పురుగు దాటేస్తుంది.

రోడ్డు పనుల్లో మట్టి తవ్వి వదిలేసిన చోట మొదట మొలిచేది వయ్యారిభామే. గింజలు మొరంతో, టైర్లతో, వాన నీళ్లతో వస్తూనే ఉంటాయి. ఒకసారి పీకి ఊరుకుంటే లాభం లేదు, మొలిచిన నెలకే పూతకొస్తుంది. మంచి వాన పడ్డ ప్రతిసారీ మూడు వారాల్లోపు ఒక చుట్టు తిరగండి. పక్క చేల రైతులను కూడా కలుపుకోండి, మీ హద్దు దగ్గర ఆపేస్తే వాళ్ల వైపు పూసేది మీకే వస్తుంది. ఖాళీ చేసిన చోట తంగేడు, తంటెం గింజలు చల్లితే అవి పెరిగి దాన్ని కొంత అణుస్తాయి.

రోడ్డు అంచు శుభ్రపడేదాకా ఆ చేలో పొద్దుతిరుగుడు మాత్రం పెట్టకండి. దానికీ ఇదే వైరస్ వస్తుంది. 1997లో మన పక్కనే కర్ణాటకలోని బాగేపల్లి ప్రాంతంలో బయటపడింది ఆ పంటలోనే.