కథా రచన తరగతిలో కథకు ప్రేరణ ఎక్కడ వెతుక్కోవాలి?

కథా రచన శిక్షణలో చేరారనీ, వచ్చే వారానికి ఒక కథ రాసి తెమ్మన్నారనీ, ఎంత ఆలోచించినా కథావస్తువు తట్టడం లేదనీ, దాన్ని ఎక్కడ వెతుక్కోవాలనీ అడిగారు. హనుమకొండలో ఒక సాహిత్య సంస్థ ఆదివారాల్లో నడిపిన అటువంటి తరగతులకు నేనూ వెళ్లాను కనుక, నా అనుభవం నుంచే చెబుతాను. వస్తువు కోసం ఆలోచించడం పక్కన పెట్టి, మీరు రోజూ తిరిగే దారిలో దగ్గరి మనుషుల మధ్య డబ్బు మాట ఎలా నడుస్తున్నదో గమనించండి. కథ అక్కడే ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను.

మాకు కూడా మొదటి వారమే కథ రాయమన్నారు. ఆ తరువాతి ఆదివారం పరకాల నుంచి పల్లెవెలుగు బస్సులో తరగతికి వస్తున్నాను. దారిలో ఒక ముసలి జంట ఎక్కి నా ముందు సీట్లో కూర్చున్నారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కదా, కండక్టరు రాగానే ఆమె నడుముకు దోపుకున్న గుడ్డసంచి తీసి, అందులోని బట్టల దుకాణం కవరు విప్పి, ఆ కవరులో మడిచిపెట్టిన మరో కవరులోంచి ఆధార్ కార్డు చూపించింది. మిషన్ నుంచి వచ్చిన జీరో టికెట్టును నాలుగు మడతలు పెట్టి, కార్డుతో పాటే భద్రంగా దాచుకుంది. ముసలాయన మాత్రం ములుగు రోడ్డుకు ఎంతని అడిగి, జేబులో చిల్లర లెక్కపెట్టుకుని, దానికి ముందున్న స్టేజీ వరకే టికెట్టు కొట్టమన్నాడు. “ఎండల ఏం నడుస్తవు?” అని ఆమె అంటే, “నువ్వు కూసో, నేను నడుసుకుంట వస్త” అన్నాడు. టికెట్టును చెవి సందున పెట్టుకుని, తన స్టేజీ రాగానే గొడుగును ఆమె ఒడిలో వదిలేసి దిగిపోయాడు. బస్సు కదిలాక ఆమె కిటికీ వైపు జరిగి కూర్చుంది. కొంతసేపటికి పక్కనున్న అమ్మాయిని, “గీ బస్సు ఇంకెంత దూరం పోతది?” అని అడిగింది.

ఇదంతా నేను వినగలిగానంటే చెవిలో ఏమీ పెట్టుకోలేదు కాబట్టే. కథలు రాయాలనుకునే వాళ్లు కూడా బస్సు ఎక్కగానే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకోవడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. మన మండలంలో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో తెలుసుకోవడానికి బస్సును మించిన చోటు లేదు, అక్కడే చెవులు మూసుకుంటే సంభాషణ రాయడం ఎవరు నేర్పుతారు?

తరగతిలో నా వంతు వచ్చినప్పుడు, ముసలాయన దిగిపోవడం వరకు చెప్పి ఆపాను. ఆయన బీదరికం అందరినీ కదిలించింది. కొరియర్ సంస్థలో పనిచేసే ఒక యువకుడు, అంత ఎండలో ఏ ముసలాయనా నడవడనీ, షేర్ ఆటో ఎక్కుతాడనీ వాదించాడు. ఆటోకు ఇచ్చే డబ్బే ఉంటే బస్సు ఎందుకు దిగుతాడని మరొకరు అడ్డుకున్నారు. ఇంతలో వెనుక వరుసలోంచి ఒక అంగన్‌వాడీ టీచరు, “సార్, ఆయన దిగినంక ఆమె ఏం చేసింది?” అని అడిగారు. కిటికీ సీటు సంగతీ, ఆమె అడిగిన ప్రశ్నా చెప్పగానే అందరి ఆలోచనా ఒక్కసారి ఆ ముసలావిడ వైపు తిరిగింది. ఆమె ఇంతకు ముందు ఎప్పుడైనా ఒంటరిగా ప్రయాణం చేసిందా, ములుగు రోడ్డులో దిగుతుందా, గొడుగు తన దగ్గరే ఉండిపోయిందని ఎప్పుడు గుర్తిస్తుంది అని ప్రశ్న మీద ప్రశ్న వచ్చింది. నేను రాసిన కథ ఆ ప్రశ్నల నుంచే వచ్చింది. అందులో ఆమె ములుగు రోడ్డులో దిగకుండా హనుమకొండ బస్టాండు దాకా వెళుతుంది. ఆయన నడిచి వచ్చి, చెప్పిన చోట ఆమె కనిపించక, ప్రతి బస్సు దగ్గరికీ వెళ్లి కిటికీల్లోకి చూస్తూ ఉంటాడు.

వినేవారు ఇలా ప్రశ్నలు అడగడమే తరగతి వల్ల కలిగే అసలు ప్రయోజనమని నా అభిప్రాయం. కానీ చాలా చోట్ల ఆ పని జరగదు. “వర్షం”, “ఒంటరితనం”, “అమ్మ” అని చీటీలు రాసి తలా ఒకటి పంచుతారు. “అమ్మ” అనే చీటీ అందుకున్నవారు ఇదివరకు చదివిన కథల్లోని అమ్మనే మళ్లీ రాస్తారు తప్ప, తమ ఇంట్లో కరెంటు బిల్లు దాచిపెట్టిన అమ్మను రాయరు. ఇక కథల పోటీల ప్రకటనల్లో కనిపించే “సందేశాత్మకంగా ఉండాలి” అన్న నియమం చేసిన నష్టం అంతా ఇంతా కాదు. ముసలావిడ బస్టాండు దాకా ఎందుకు వెళ్లిందో నాకే పూర్తిగా తెలియనప్పుడు ఆమె చేత ఏ సందేశం చెప్పించమంటారు?

డబ్బు అనగానే మొహం చిట్లించే వారు భండారు అచ్చమాంబ 1902లో రాసిన “ధనత్రయోదశి” చదవాలి. పండుగ వచ్చిపడింది, ఇంట్లో డబ్బు లేదు, భర్త తప్పుదారి పట్టాడు, భార్య అతణ్ణి నిలదీసింది. తెలుగు కథ తొలి అడుగుల్లోనే ఈ వస్తువు ఉంది. రాచకొండ విశ్వనాథశాస్త్రి విశాఖపట్నంలో వకీలుగా పనిచేస్తూ, కోర్టుల చుట్టూ తిరిగే మనుషులనూ, మద్యనిషేధం కాలపు సారా కేసులనూ కథల్లోకి తెచ్చారు. తన రోజువారీ పని తనకు చూపించిన దాన్నే ఆయన రాశారు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన కథల గ్రంథాలయం “కథానిలయం” సేకరించిన పాత పత్రికల కథలు ఎన్నో ఇప్పుడు ఇంటర్నెట్‌లోనూ దొరుకుతున్నాయి. శిక్షణ ఇచ్చేవారు చీటీలు పంచే సమయంలో వాటిలో ఒక్క కథనైనా పైకి చదివిస్తే ఎంతో మేలు.

అందుచేత వచ్చే వారం తరగతికి రాసుకున్న కాగితం చూసి చదవకుండా, మీరు చూసిన సంఘటనను నోటితో చెప్పండి. ఎక్కడ ఆపాలనిపిస్తే అక్కడ ఆపండి. “బాగుంది” అన్నవారిని వదిలేసి, “ఆ తరువాత ఏమైంది?” అని ఎవరు, ఏ మనిషి గురించి అడిగారో నోటుపుస్తకంలో రాసుకోండి. కథ పూర్తయ్యాక మొదట చదివించవలసింది కూడా ఆ అడిగినవారి చేతనే.