‘కూడదు’ వేరు, ‘అక్కర్లేదు’ వేరు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఇంగ్లీషు కథ చదివాను. కథ బాగా నడిచింది గానీ ఒక్క వాక్యం దగ్గర అడ్డం తిరిగింది. డాక్టరు రోగితో ‘యూ మస్ట్ నాట్ టేక్ దిస్ టాబ్లెట్ ఎవ్రీ డే’ అంటాడు. నొప్పి ఉన్నప్పుడు వేసుకుంటే చాలు, రోజూ అక్కర్లేదని నీ ఉద్దేశం. కాగితం మీద పడింది మాత్రం ‘రోజూ వేసుకోకూడదు’ అని. నీకు కావలసింది ‘యూ డోంట్ హ్యావ్ టు’. ‘నీడ్ నాట్’ అన్నా సరిపోతుంది.

ఈ తప్పు ఎందుకొస్తుందో చెబుతాను. మన ‘చెయ్యాలి’ ఒక్కటే మస్ట్, హ్యావ్ టు, షుడ్ మూడింటి పనీ చేసేస్తుంది. అందుకే మస్ట్, హ్యావ్ టు ఒకటే అనిపిస్తాయి. ఔనన్నంతసేపూ దాదాపు ఒకటే. కాదనగానే చెరో దారి పడతాయి: ఒకటి నిషేధం, రెండోది మినహాయింపు. అదృష్టం ఏమిటంటే, ఈ తేడా తెలుగులో పుట్టినవాళ్లకి చిన్నప్పుడే వచ్చేస్తుంది. ‘కూడదు’, ‘అక్కర్లేదు’ మనలో ఎవరూ కలిపేయరు. కాబట్టి ఇంగ్లీషు వాక్యం రాసేముందు దాన్ని తెలుగులో పైకి అనుకో. ‘కూడదు’ అని వస్తే మస్ట్ నాట్, ‘అక్కర్లేదు’ అని వస్తే డోంట్ హ్యావ్ టు, ‘చెయ్యకపోతే మంచిది’ అని వస్తే షుడ్ నాట్.

జరిగిపోయిన సంగతికీ ఇదే ఉపాయం. విధి చెప్పే మస్ట్‌కి భూతకాలం లేదు. ‘వెళ్లాల్సి వచ్చింది’ అంటే హ్యాడ్ టు గో, మనిషి వెళ్లాడు. ‘వెళ్లాల్సింది’ అంటే షుడ్ హ్యావ్ గాన్, వెళ్లలేదు. మస్ట్ హ్యావ్ గాన్ అన్నావో, అది ‘వెళ్లే ఉంటాడు’ అనే ఊహ అయిపోతుంది, విధి కాదు. నీ కథలో తండ్రి ఊరు వదిలిన చోట సరిగ్గా ఇదే జరిగింది. బలవంతాన వెళ్లినవాడు, వెళ్లాడో లేదో తెలియనివాడుగా మారిపోయాడు.

ఔనన్నప్పుడు దాదాపు ఒకటే అన్నాను. ఆ కొద్ది తేడాయే సంభాషణకి ప్రాణం. మస్ట్‌లో మాట్లాడేవాడి పట్టుదల వినిపిస్తుంది, హ్యావ్ టులో బయటి ఒత్తిడి. ‘ఐ మస్ట్ రైట్ టు హర్’ అన్నవాడికి మనసు చెబుతోంది. ‘ఐ హ్యావ్ టు రైట్ టు హర్’ అన్నవాడికి ఎవరో చెప్పారు. అందరూ ఈ గీత ఖచ్చితంగా పాటించరు, కానీ పాత్రని మలిచేటప్పుడు నీ చెవికి ఈ తేడా తెలియాలి.

హ్యాడ్ బెటర్‌లో ‘బెటర్’ ఉంది కదా, మర్యాద అనుకోకు. అందులో ‘లేకపోతే చూసుకో’ అన్న హెచ్చరిక దాగుంటుంది. నీ గుమాస్తా యజమానితో ఆ మాట అనకూడదు, కథకి తగాదా కావాలంటే తప్ప.

మే నాట్ విషయంలో ఇంకా జాగ్రత్త. ‘హీ మే నాట్ ఎంటర్’ అంటే లోపలికి రాకూడదనీ కావచ్చు, రాకపోవచ్చనీ కావచ్చు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు ఇలాంటి మాటలకి 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే పత్రంలో అర్థాలు ఖరారు చేసుకున్నారు. మస్ట్, మస్ట్ నాట్, షుడ్, షుడ్ నాట్, మే అన్నీ ఉన్నాయి, మే నాట్ మాత్రం ఆ జాబితాలో లేదు. షల్‌కి అక్కడ మస్ట్‌తో సమానమైన బలం. కథలో మామూలు మనుషుల నోట ఆజ్ఞగా షల్ పెట్టకు, ఒప్పందపత్రం చదువుతున్నట్టుంటుంది.

చిన్న సంగతి ఒకటి: మస్ట్, షుడ్‌ల తర్వాత ‘టు’ రాదు. నీ రాతలో రెండుచోట్ల వచ్చింది, కొట్టేశాను.

ముందు డాక్టరు మాట, తండ్రి ప్రయాణం దిద్ది పంపు. మిగతాది ఆ తర్వాత చూద్దాం.