ఒక పొడవు, రెండు పొట్టి బీప్‌లు: ర్యామ్ మార్చే ముందు చూడవలసినవి

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో విడిభాగాలు కొని ఇంట్లో మీరే కంప్యూటర్ అసెంబుల్ చేశారు. స్విచ్చి నొక్కితే ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, మానిటర్ మాత్రం నల్లగా ఉంది. లోపలి నుంచి ఒక పొడవైన బీప్, వెంటనే రెండు పొట్టివి, కాస్త ఆగి మళ్ళీ అవే. షాపులో అడిగితే ర్యామ్, అంటే మెమరీ, పోయిందన్నారు. ఇంటర్నెట్‌లో వెతికితే అదే శబ్దానికి గ్రాఫిక్స్ కార్డు పోయినట్టని రాసి ఉంది. ఎవరిని నమ్మాలని అడుగుతున్నారు.

ఇప్పటికి ఇద్దరినీ నమ్మకండి. నేను చెన్నైలోనే ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు బాధ్యత చూస్తాను. ల్యాబు మెషీన్లే కాక బంధువుల ఇళ్ళలో, పక్కింటి పిల్లలకు కూడా చాలా అసెంబుల్ చేసి ఇచ్చాను. కొత్త మెషీన్ మొదటిసారి లేవలేదంటే ఎక్కువసార్లు కారణం స్లాటులో సరిగ్గా దిగని భాగమో, పెట్టడం మరిచిన కేబులో అవుతుంది. పెట్టెలోంచి తీసిన భాగం నిజంగానే చచ్చిపోయి ఉండటం నేను చూసింది చాలా తక్కువ.

పైగా మీకు బీప్ వినిపిస్తోంది. అది ధైర్యం తెచ్చుకోవలసిన విషయం. కరెంటు అందగానే ప్రాసెసర్ మొదట బయోస్ చిప్‌లో ఉన్న ప్రోగ్రామును నడుపుతుంది. ఆ ప్రోగ్రాము మెమరీని, డిస్‌ప్లేను, తక్కినవాటిని వరుసగా పరీక్షిస్తుంది. దీన్నే పోస్ట్ అంటారు. తెర వెలగకముందే తప్పు కనబడితే చెప్పడానికి దానికి తెర లేదు కాబట్టి బీప్‌తో చెబుతుంది. అంటే మీ ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె) పనిచేస్తోంది, ప్రాసెసర్‌కు పవర్ అందుతోంది, ప్రాసెసర్ బతికే ఉంది, బయోస్ నడుస్తోంది. ఫ్యాన్లు తిరుగుతూ ఏ శబ్దమూ లేకుండా ఉండిపోయే మెషీన్ దీనికంటే ఎన్నో రెట్లు కష్టపెడుతుంది.

అయితే శబ్దానికి అర్థం ఏమిటన్నది బయోస్ ఎవరిదన్న దాన్నిబట్టి మారుతుంది. మీకు రెండు సమాధానాలు దొరకడానికి కారణం ఇదే. పాత అవార్డ్ బయోస్‌లో ఒక పొడవు, రెండు పొట్టి అంటే డిస్‌ప్లే సమస్య. ఆసుస్ మదర్‌బోర్డుల్లో అదే శబ్దానికి మెమరీ కనబడటం లేదని అర్థం; గ్రాఫిక్స్ కార్డు కనబడకపోతే ఒక పొడవు, మూడు పొట్టి వస్తాయి. ఏఎంఐ అనే మరో బయోస్ కంపెనీ పాత పట్టికలో ఎక్కువగా బీప్‌లు ఎన్నన్నదే లెక్క. ఎనిమిది వస్తే డిస్‌ప్లే మెమరీ అని. ఇంటర్నెట్‌లో దొరికే పట్టికలు చాలావరకు ఇవన్నీ కలిపేసినవి. మీ బోర్డు పెట్టెలో వచ్చిన పుస్తకం తీయండి, లేదా బోర్డు మీద అచ్చైన మోడల్ పేరుతో తయారీ కంపెనీ వెబ్‌సైటులో మాన్యువల్ చూడండి. ఈ విషయంలో తక్కినవాటిని పక్కన పెట్టేయండి.

బోర్డు అంచున చిన్న దీపాలు కూడా వెతకండి. ఇప్పటి బోర్డుల్లో చాలావాటికి సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (మెమరీ), వీజీఏ (డిస్‌ప్లే), బూట్ అని నాలుగు ఉంటాయి. పరీక్ష ఎక్కడ ఆగిందో అక్కడి దీపం వెలిగే ఉంటుంది. బీప్‌లు లెక్కపెట్టడంలో పొరపాటు పడవచ్చు, దీపంతో ఆ బాధ లేదు.

ఇది చదివే వేరొకరికి బీపే రాకపోతే, ముందు బోర్డుకు స్పీకర్ ఉందో లేదో చూసుకోండి. ఇప్పుడు చాలా క్యాబినెట్లతో అది రావడం లేదు. స్పీకర్ అని రాసిన నాలుగు పిన్నుల దగ్గర పెట్టే చిన్న బజర్ రిచీ స్ట్రీట్‌లో కొద్ది రూపాయలకే దొరుకుతుంది. భాగాలు కొనేటప్పుడే అదొకటి కొనుక్కోమని అందరికీ చెబుతాను. బీప్ వస్తోందనుకునేవాళ్ళు కూడా ఒకసారి చెవి దగ్గర పెట్టి, అది క్యాబినెట్‌లోంచే వస్తోందా అని చూడాలి. బల్ల కింది యూపీఎస్ కూడా బీప్ అనే అంటుంది. 600 వీఏ అని రాసి ఉన్న చిన్న యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్లే ఇస్తాయి; గ్రాఫిక్స్ కార్డున్న మెషీన్‌కు మానిటర్ కూడా కలిస్తే అది మోయలేక అరవవచ్చు. పరీక్ష పూర్తయ్యేదాకా యూపీఎస్ తీసేసి నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టండి.

ఇక ర్యామ్ సంగతి. మీ బోర్డు పుస్తకం కూడా మెమరీ అనే చెబితే, అది పోయిందని కాదు, బోర్డుకు కనబడటం లేదని. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

పెరంబూరులో ఉండే మా మేనకోడలు డిజైన్ కోర్సు కోసం తనే మెషీన్ అసెంబుల్ చేసుకుంది. సరిగ్గా మీ శబ్దమే. షాపులో మీకు చెప్పిన మాటే చెప్పారు. నేను వెళ్ళి టార్చి వేసి ర్యామ్ స్టిక్‌ను పక్క నుంచి చూశాను. ఆ బోర్డులో స్లాటుకు ఒకవైపే క్లిప్పు ఉంది. రెండో వైపు, అంటే గ్రాఫిక్స్ కార్డు వైపు, కదలని ప్లాస్టిక్ గాడి మాత్రమే. క్లిప్పు ఉన్న చివర చక్కగా మూసుకుని ఉంది, కాబట్టి పైనుంచి చూస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే. క్లిప్పు లేని చివర మాత్రం స్లాటు అంచుకు పైన బంగారు రంగు గీత ఒకటి వెంట్రుకవాసి బయటికి కనిపిస్తోంది. ఆ చివర లోపలికి దిగలేదన్నమాట. గ్రాఫిక్స్ కార్డు తీసి, స్టిక్ బయటికి లాగి, గాడి సరిచూసి, ముందు క్లిప్పు లేని చివర బొటనవేలితో నొక్కి, తర్వాత రెండో చివర టక్‌మనేదాకా నొక్కాను. మెషీన్ లేచింది. షాపుకు వెళ్ళి ఉంటే వాళ్ళు కొత్త స్టిక్‌ను తగినంత గట్టిగా నొక్కి పెట్టేవారు, అది పనిచేసేది, పాతది పోయిందన్న మాట ఖాయమైపోయేది. మంచి భాగాలు ఇలా ఎన్నో అన్యాయంగా వెనక్కి వెళతాయి.

మీరు కూడా ఇలాగే చేయండి. గోడ స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, క్యాబినెట్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన విద్యుత్తు ఖాళీ అవుతుంది. క్యాబినెట్‌లో రంగు వేయని లోహాన్ని ముట్టుకోండి. చెన్నై తేమలో స్థిర విద్యుత్తు బెడద తక్కువే, ఏసీ గదిలో మాత్రం అంత భరోసా లేదు. తర్వాత ఉన్న స్టిక్‌లన్నీ తీసేసి, ఒక్కటే పెట్టండి. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో చాలావరకు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కిస్తే రెండోది, అంటే ఏ2, ఒంటరి స్టిక్‌కు సరైన చోటు. రెండు స్టిక్‌లైతే రెండు, నాలుగు. పక్కపక్కన మొదటి రెండింటిలో పెట్టేవాళ్ళు చాలామంది. ఒక స్టిక్‌తో లేవకపోతే అదే స్లాటులో రెండోది పెట్టి చూడండి. రెండు స్టిక్‌లూ ఒకేసారి పాడై రావడం చాలా అరుదు. రెండింటితోనూ బీప్ అదే వస్తే అనుమానం స్లాటు మీదికీ ప్రాసెసర్ కూర్చున్న తీరు మీదికీ మళ్ళించాలి. ఇంటెల్ బోర్డైతే ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లో ఒక పిన్ను వంగినా ఒక వైపు స్లాట్లు కనబడకుండా పోతాయి. అందుకే సాకెట్ తెరవడం చివరికి పెట్టుకోండి, మొదట్లోనే వద్దు.

ర్యామ్ రకాల్లో డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే, గాడి చోటు మాత్రం వేరు. ఒకటి రెండోదానిలో దిగదు. బలం వాడాల్సి వస్తోందంటే ఆగి, స్టిక్కరు మీద ఏముందో చదవండి. డీడీఆర్5 బోర్డులకు ఇంకో లక్షణం ఉంది: మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. ముఖ్యంగా ఏఎండీ ప్రాసెసర్ల ఏఎం5 సాకెట్ బోర్డుల్లో. బీప్ లేకుండా డీర్యామ్ దీపం వెలిగి ఉంటే కంగారుపడి ఆపేయకుండా కాసేపు వదిలేయండి.

ఎరేజరుతో ర్యామ్ రుద్దమని మీకు ఎవరైనా చెబుతారు. తిరువాన్మియూరు వైపు సముద్రగాలి తగిలే ల్యాబుల్లో వేసవి సెలవుల తర్వాత తలుపులు తీస్తే కొన్ని మెషీన్లు బీప్ చేస్తాయి, అప్పుడు ఆ పనికి ఫలితం ఉంటుంది. నేనైతే ఎరేజరుకు బదులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డ వాడతాను, పొడి రాలదు. మీది కొత్త స్టిక్. దాన్ని రుద్దే అవసరం లేదు.

మీ బోర్డు పుస్తకం డిస్‌ప్లే అని చెబితే వెతకాల్సిన చోటు మారుతుంది. ముందు మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉన్నప్పుడు హెచ్‌డీఎంఐ కేబుల్ కార్డుకే పెట్టాలి, బోర్డు వెనకవైపు పైన ఉన్న పోర్టుకు కాదు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే, ఉదాహరణకు ఐ5-12400ఎఫ్, దానిలో డిస్‌ప్లే లేదు కాబట్టి బోర్డు పోర్టు ఎప్పటికీ వెలగదు. రైజెన్ 5 5600 కూడా అంతే. 5600జీ అయితే ఉంటుంది. కార్డు లేకుండా అలాంటి ప్రాసెసర్‌తో పరీక్షిస్తే డిస్‌ప్లే బీప్ రావడం సహజమే.

కార్డు కూర్చున్నదో లేదో కూడా చూడండి. స్లాటు చివరి క్లిప్పు మూసుకోవాలి. క్యాబినెట్ వెనక స్క్రూ బిగించేటప్పుడు కార్డు అవతలి చివర పైకి లేవడం నేను తరచుగా చూస్తాను; స్క్రూ బిగించాక మళ్ళీ ఒకసారి నొక్కండి. స్లాటు నుంచి కార్డుకు అందేది 75 వాట్లే. అంతకంటే ఎక్కువ కావలసిన కార్డుకు పైన పవర్ సాకెట్ ఉంటుంది, ఎనిమిది పిన్నుల కేబుల్ 150 వాట్లు ఇస్తుంది. అది పెట్టకపోయినా ఫ్యాన్ తిరిగే కార్డులు ఉన్నాయి కాబట్టి ఫ్యాన్ చూసి మోసపోకండి.

కేబుళ్ళ గురించి ఒక్కటి గట్టిగా చెబుతాను. ప్రాసెసర్‌కు వెళ్ళే ఎనిమిది పిన్నుల కేబుల్, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్ళే ఎనిమిది పిన్నుల కేబుల్ ఒకటి కావు. మొదటిది నాలుగు, నాలుగుగా విడిపోతుంది. రెండోది ఆరు, రెండుగా. మొదటిదానిలో 12 వోల్టుల తీగలు నాలుగు, గ్రౌండ్ నాలుగు. రెండోదానిలో మూడు, ఐదు. వరుసలు కూడా తారుమారు. రంధ్రాల ఆకారాలు తేడాగా చేసిందే పొరపాటున దూరకుండా, కాబట్టి బలవంతంగా తోయకండి. ఎస్‌ఎంపీఎస్ మాడ్యులర్ రకమైతే, అంటే కేబుళ్ళు ఊడదీయగలిగేదైతే, పాత ఎస్‌ఎంపీఎస్ కేబుళ్ళు కొత్తదానికి అసలు వాడవద్దు. బోర్డు వైపు చివరకు ప్రమాణం ఉంది గాని, ఎస్‌ఎంపీఎస్ వైపు చివరకు లేదు. సరిగ్గా దూరుతుంది, వోల్టేజీ తప్పు పిన్నుకు వెళుతుంది, డిస్కులు, బోర్డు కాలిపోతాయి. తెలిసినవారు ఒకరు ఇలా రెండు హార్డ్ డిస్కులు పోగొట్టుకున్నారు, వాటితో పాటు పిల్లల చిన్ననాటి ఫోటోలు కూడా.

క్యాబినెట్ ముందువైపు సన్నని తీగలు బీప్‌కు కారణం కావు. పవర్ స్విచ్చి తీగలకు ప్లస్, మైనస్ పట్టింపు లేదు, దీపాల తీగలకే ఉంది. స్విచ్చినే అనుమానిస్తే, బోర్డు మీద ఆ స్విచ్చి తీగలు పెట్టే రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో ఒక క్షణం తాకించి ఆన్ చేయవచ్చు.

పై పనులన్నీ చేసినా శబ్దం మారకపోతే, బోర్డును క్యాబినెట్ నుంచి బయటికి తీసి, దాని అట్టపెట్టె మీద పెట్టండి. వెండి రంగు సంచి మీద వద్దు, దాని పైపొర విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. ప్రాసెసర్, దాని ఫ్యాన్, ఒక ర్యామ్ స్టిక్, అవసరమైతే గ్రాఫిక్స్ కార్డు, అంతే. ఇక్కడ లేచి, లోపల లేవకపోతే బోర్డు కింద స్క్రూ లేని చోట ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును ఎత్తి పట్టే చిన్న మర) ఒకటి అదనంగా ఉండి తగులుతోందేమో చూడండి. ప్రతిసారీ ఒక్క మార్పే చేయండి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు.

ఇంకో మాట, బీప్‌తో సంబంధం లేకున్నా. క్యాబినెట్ లోహం ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోందా? పాత ఇళ్ళలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది గాని ఎర్త్ తీగ ఉండదు. అప్పుడు ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టరు కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ సుమారు 115 వోల్టుల దగ్గర నిలుస్తుంది. కరెంటు చాలా స్వల్పమే అయినా ఇంట్లో చిన్నపిల్లలుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ వేయించాకే పని మొదలుపెట్టండి.

చివరికి షాపుకే వెళ్ళవలసి వస్తే ఒక్క ర్యామ్ పట్టుకుని వెళ్ళకండి. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, కార్డు అన్నీ తీసుకుని వెళ్ళి, మీ ఎదుటే మీ ర్యామ్‌ను వాళ్ళ బోర్డులో, వాళ్ళ ర్యామ్‌ను మీ బోర్డులో పెట్టి చూపించమనండి. ఆదివారం అక్కడ చాలా షాపులు మూసి ఉంటాయి. బిల్లు, పెట్టెలు వెంట ఉంచుకోండి. ఇంటెల్ బోర్డైతే సాకెట్ మీద వచ్చిన నల్ల ప్లాస్టిక్ మూత కూడా వెతికి తీసుకెళ్ళండి. బోర్డును వారంటీకి పంపేటప్పుడు అది లేకుంటే తీసుకోబోమని చెప్పవచ్చు.