పాత ఈగిల్ ఫైళ్లు కీక్యాడ్‌లోకి మార్చుకుంటే కేసవుతుందా?

ప్రశ్న: చర్లపల్లిలో మాది చిన్న యూనిట్. బోరు మోటార్ల ఆటో స్టార్టర్లకు కంట్రోల్ బోర్డులు చేస్తాం. 2010లో బయటి డిజైనర్ చేత ఈగిల్ అనే సర్క్యూట్ బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్‌లో బోర్డు గీయించుకుని డబ్బు మొత్తం ఇచ్చేశాం. ‘ఈ డిజైన్ హక్కులు మీకే ఇస్తున్నాను’ అని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఇప్పుడు మా కుర్రాడు ఆ ఫైళ్లను అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ కీక్యాడ్‌లోకి మారుస్తుంటే, అది నా డిజైన్, ముట్టుకుంటే కేసు వేస్తానంటున్నాడు. వేయగలడా?

జవాబు: కేసు వేయడానికేముంది, ఎవరైనా వేస్తారు. నిలబడుతుందా అన్నదే చూడాలి. మీ సొంత స్టార్టర్ల కోసమే మార్చుకుంటుంటే నిలబడటం కష్టమని నా అభిప్రాయం. కానీ ‘డబ్బిచ్చాం కాబట్టి డిజైన్ మాదే’ అన్న ధీమాతో మాత్రం ఉండకండి, చట్టం అలా లేదు.

కాపీరైట్ చట్టం, 1957లో సెక్షన్ 17 ప్రకారం గీసినవాడే మొదటి యజమాని. జీతం తీసుకునే ఉద్యోగి తన పనిలో భాగంగా గీస్తే అది అతనికి ఉద్యోగమిచ్చినవాడిది అవుతుంది. డబ్బిచ్చి చేయించుకున్నవాడిదే అయ్యేవి ఫొటో, పెయింటింగ్, పోర్ట్రెయిట్ లాంటి కొన్నే, ఆ జాబితాలో సర్క్యూట్ డ్రాయింగ్ లేదు. మీ డిజైనర్ బయటివాడు కాబట్టి హక్కు అతని నుంచి మీకు రాతపూర్వకంగా రావాల్సిందే. రాత ఉంది, సంతోషం. అసలు చిక్కు ఆ రాతలోనే ఉంది. ఎన్నేళ్లకో రాయకపోతే సెక్షన్ 19(5) కింద 5 ఏళ్లకే అని లెక్క, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. అంటే 2010 నాటి మీ కాగితం 2015కే అయిపోయిందని అతని లాయరు వాదిస్తాడు, ఆ వాదన తీసిపారేసేది కాదు.

మరి మీకు మిగిలిందేమిటి? ఏ పని కోసం గీయించుకుని పూర్తి డబ్బిచ్చారో ఆ పనికి వాడుకునే అనుమతి, కాగితం మీద లేకపోయినా, ఆ లావాదేవీలోనే ఉందని మనం వాదించవచ్చు. ఫైలును కొత్త ఫార్మాట్‌లోకి మార్చడం కూడా చట్టం దృష్టిలో కాపీ చేయడమే, అందులో అనుమానం లేదు, కానీ అదే బోర్డును అదే స్టార్టర్ కోసం బతికించుకోవడానికి చేస్తున్న కాపీ ఇది. పైగా 2026 జూన్ 7 నుంచి ఈగిల్ అందుబాటులో ఉండదని దాని కంపెనీ ఆటోడెస్క్ 2023లోనే ప్రకటించింది, కాబట్టి మార్చుకోక తప్పని పరిస్థితి అని చూపించడం తేలిక. 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 52(1)(డబ్ల్యూ) కూడా మీకు పనికొస్తుంది: టెక్నికల్ డ్రాయింగ్ చూసి, ఒక పరికరంలో పూర్తిగా పనికోసమే ఉండే భాగాన్ని వస్తువుగా తయారు చేస్తే ఉల్లంఘన కాదంటుంది. బోర్డు తయారీకి ఇది బాగా సరిపోతుంది, ఫైలు మార్చడానికి మాత్రం నేరుగా అతకదు.

కొందరు బ్యాకప్ కాపీల క్లాజు, 52(1)(ఏఏ), చూపిస్తుంటారు. అది కంప్యూటర్ ప్రోగ్రాములకు, బోర్డు ఫైలుకు కాదు. 2000 నాటి సెమీకండక్టర్ లేఅవుట్ డిజైన్ చట్టం చిప్పు లోపలి లేఅవుట్ గురించి, దాన్నీ ఇందులోకి లాగకండి.

ఇంతవరకు మీ వాదనకు బలముంది. కానీ మార్చిన ఫైలు ఇంకో యూనిట్‌కు అమ్మినా, వేరే ప్రోడక్టుకు వాడినా ఆ బలం పోతుంది. మైక్రోకంట్రోలర్ (బోర్డును నడిపే చిప్పు)లోని ప్రోగ్రాము కూడా అతనే రాసి ఉంటే అది విడిగా ఇంకో కాపీరైట్. చిప్పుకు పెట్టిన లాక్ పగలగొట్టి కోడ్ లాగుదాం అనుకుంటే ముందు సెక్షన్ 65ఏ చదువుకోండి, రెండేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి.

మీరు అడగలేదు గానీ నాకు ఎక్కువ టెన్షన్ ఇంకోచోట ఉంది. ఈగిల్ 6కు ముందు వెర్షన్ల ఫైళ్లు కీక్యాడ్‌లో నేరుగా తెరుచుకోవు, ముందు వాటిని 6 లేదా ఆపై వెర్షన్‌లో తెరిచి సేవ్ చేయాలి. మీది 2010 కాబట్టి ఈ మెట్టు ఎక్కాల్సిందే. ఇక్కడే ఎవరో ఒకరు క్రాక్ కాపీ (లైసెన్స్ లేని దొంగ కాపీ) పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇస్తారు. తెలిసి అలాంటి సాఫ్ట్‌వేర్ వాడితే సెక్షన్ 63బీ: ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారానికి వాడలేదంటే జైలు తప్పించుకునే వీలుంది, మీది వ్యాపారమే కదా! ఈగిల్ పాత ఉచిత వెర్షన్ కూడా వ్యాపారేతర వాడకానికే ఇచ్చింది. సరైన లైసెన్స్ ఉన్నవాళ్ల చేత సేవ్ చేయించుకుని, బిల్లు దాచుకోండి. కీక్యాడ్ ఓపెన్ సోర్స్ (ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు) కాబట్టి అక్కడ గొడవ లేదు.

డిజైనర్‌తో తెగదెంపులు చేసుకోకుండా కొంత డబ్బు మాట్లాడుకుని స్టాంపు పేపరు మీద కొత్త అసైన్‌మెంట్ (హక్కుల బదిలీ పత్రం) రాయించుకోండి. ఏ బోర్డు, ఏ ఫైళ్లు, ఏ హక్కులు, ఎంత డబ్బుకు, కాపీరైట్ ఉన్నంత కాలమూ, ప్రపంచమంతటా, మార్చుకునే హక్కుతో సహా, ప్రోగ్రాము కూడా కలిపి. అతను ఒప్పుకోకపోతే పాత బిల్లులు, ఈమెయిళ్లు, ఆ కాగితం తీసుకుని లాయరు దగ్గరికి వెళ్లండి. ఈలోగా ఫ్యాబ్‌కు, అంటే బోర్డులు తయారు చేసేవాళ్లకు, పంపే గెర్బర్ ఫైళ్లు మీ దగ్గర ఉంటే, దేన్నీ మార్చకుండానే బోర్డులు వేయించుకోవచ్చు.